తెల్లది వేరు, రంగుది వేరు

విద్యానగర్‌లో జిరాక్స్ షాపు మీది గదిలో
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని
నిమిషానికి పదహారు రూపాయల లెక్కన
ఇతరుల మాటలు టైపు చేస్తుంటాను.

తార్నాక నుంచి, గచ్చిబౌలి నుంచి
పెన్‌డ్రైవుల్లో వస్తారు మనుషులు.
సోమవారం అర్థశాస్త్రం, బుధవారం భాషాశాస్త్రం,
మధ్యలో మనస్తత్వశాస్త్రం అమ్మాయెవరో
ఎల్లుండికే కావాలంటుంది, గైడు ఊరెళ్తున్నాడట.
నేను ఇంటర్ తప్పినవాణ్ణి.
అయినా ఈ పదకొండేళ్లలో నేను వినని శాస్త్రం లేదు,
అన్నీ చెవి వరకే.

ఆ గొంతు మొదట విన్నది
అసంఘటిత రంగంలో స్త్రీల ఆదాయాలన్న ఫైల్లో.
రోజుకెంత, వానాకాలం ఎంత, అప్పెంత, మిత్తెంత.
భోలక్‌పూర్, తోలు గోదాము, వయసు నలభై ఉండొచ్చు.
పక్క దుకాణంలో ఎవరో ఇనుము మీద ఇనుము కొడుతున్నారు.
ప్రతి జవాబుకీ ముందు ఒక చిన్న దగ్గు,
తలుపు తట్టి లోపలికొచ్చినట్టు.

ఏడాది తర్వాత అదే దగ్గు,
భాషాశాస్త్రం వాళ్ల ఫైల్లో.
తెలుగు ఎక్కడ ఆగి దక్కనీ ఎక్కడ మొదలైందో
సెకన్లతో సహా గుర్తుపెట్టాలి నేను.
"సేట్‌కు బోల్‌దియా, ఇగ నాతోని గాదని."
ఆ వాక్యంలో ఆమె పని మానేసింది.
వాళ్లకు కావలసింది ఆ "కు" ఒక్కటే.
అది ఏ భాషదో తేలక ఎంత సంతోషపడ్డారో!

మనస్తత్వశాస్త్రానికి ఆమె నిద్ర కావాలి.
ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె చెప్పమంటే
"అంకె ఏంది బిడ్డా, రెండింటికి లేస్త" అంది.
రాజనీతికి ఆమె వేలి మీది సిరా.
మానవశాస్త్రం ఆయన మాత్రం గంటన్నర కూర్చున్నాడు,
పొయ్యి ముట్టించే ముందు ఎందుకు మొక్కుతావని.
"మా అత్త మొక్కేది. ఎందుకో అడగలే."
పద్దెనిమిది పేజీలైంది ఆ "అడగలే".

ఏ ఫైల్లోనూ పేరు లేదు.
ఆర్-14. ఎఫ్-07. స్పీకర్ సి.
వీళ్లంతా ఒకే దగ్గని నాకొక్కడికే తెలుసు.

మా పనికి నియమాలున్నాయి:
నవ్వితే, నవ్వు అని రాయాలి.
మూడు సెకన్లు దాటితే మౌనం.
వినపడకపోతే అస్పష్టం.
ప్రశ్న ఆమే అడిగితే తీసేయాలి, అది డేటా కాదు.
అయినా అన్ని ఫైళ్ల చివరా ఆమె అడిగింది:
"ఇవన్నీ ఏడ వెడ్తరు సార్?"
ఒకరు యూనివర్సిటీలో అన్నారు.
ఒకరు టీ తాగి లేచిపోయారు, గ్లాసు పెట్టిన చప్పుడుంది.

మొన్న సంస్థ వాళ్లు పాత ప్రశ్నావళులు అమ్మేస్తుంటే
ఆటో ట్రాలీలో నేనూ ఎక్కాను, పనేమీ లేకున్నా.
భోలక్‌పూర్ సందు, పచ్చితోలు వాసన,
కాగితాల గోదాములో అయిదుగురు ఆడవాళ్లు.
మొహాలు చూసి ఏం పోల్చుకోను?
ఎవరూ మాట్లాడటం లేదు.
మూటలు విప్పారు.
తెల్లది వేరు, రంగుది వేరు, అట్ట వేరు,
పిన్నులు పీకి పాల డబ్బాలోకి.
ఆరోగ్యం మీద వలస, వలస మీద కులం,
ఓటు, నిద్ర, మిత్తి,
అన్నీ ఒకే కాటాకి ఎక్కాయి.

మూలన కూర్చున్నామె దగ్గింది.
నా వేళ్లు గాలిలోనే టైపు చేయబోయాయి.

దగ్గరికెళ్లాను. ఆమె చేతిలో ఒక పేజీ,
అటూ ఇటూ తిప్పి వెలుగుకు పట్టింది.
"రెండు దిక్కుల రాసిన్రు, దీనికి ధర రాదు.
ఒక్క దిక్కే రాస్తే పోరలకు నోటుబుక్కన్న అవుతుండె."

పేరు అడుగుదామనుకున్నాను.
అడిగితే ఆరో శాస్త్రం నేనవుతాను.

"ఏం గావాలె అన్నా? తూకం అయిపాయె గద."

నాలుగు సెకన్లు.
పక్కన ఇనుము మీద ఇనుము.